మేధకు వ్యాయామము, మనస్సునకు విశ్రాంతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచి యుండుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున గ్రంథాలయమును పొగడుట ఆచారము. పొగడ్తకంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి కలదు. ఈ గది ఈ గ్రామమునకు దేనికి ఉపయోగపడుచున్నది? ఇకముందు దేనికి ఉపయోగపడవలెను?

రైతు తన పొలమును ఏటేట దున్నును. కాడెద్దులకు వేళకు మేతయు, నీరును, విశ్రాంతియు ఇచ్చును. మోటారు చప్పుడులో ఏ కొంచెము మార్పు వినవచ్చినను వెంటనే మెకానిక్కును పిలిపించును. కాని ఈ పనులన్నింటిని చేయించు మెదడును గూర్చి ఆలోచించువారు అరుదు. అది పుట్టుకతో వచ్చునది, వార్ధక్యముతో సన్నగిల్లునది, నడుమ మానవుడు చేయదగినది ఏదియు లేదు అని లోకుల నమ్మకము. ఈ నమ్మకము సగము తప్పు. ఆ సగమే ఈ ప్రసంగమునకు విషయము.

శాస్త్రజ్ఞుల మాటలకు ముందు తెలుగువారికి చిరపరిచితమైన ఒక దృశ్యమును తలచుకొనుట మంచిది. అది అష్టావధాన సభ. వేదికపై అవధాని కూర్చుండును. చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు. ఒకరు నిషిద్ధాక్షరి యని అడుగడుగునకు ఒక అక్షరమును నిషేధింతురు. ఒకరు అర్థము కుదరని పద్యపాదమును సమస్యగా ఇత్తురు. ఒకరు పొంతనలేని నాలుగు మాటలను దత్తపదిగా ఇచ్చి, వానిని పద్యములో పొదుగుమందురు. ఒకరు ఒక వాక్యములోని అక్షరములను వరుస తప్పించి అందింతురు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు; ఎన్ని మారులు మ్రోగెనో తుదకు అవధాని చెప్పవలెను. వీరందరిలో గడుసువాడు అప్రస్తుత ప్రసంగి. పద్యము నోటివరకు వచ్చిన సమయము చూచి, "అయ్యా, అవధానిగారు ఇంటినుండి వచ్చునప్పుడు తలుపు వేసి వచ్చిరా?" వంటి ప్రశ్న వేసి సభను నవ్వించుట అతని పని. అవధాని నవ్వుచు బదులు చెప్పి, ఆ మరుక్షణమే విడిచిన అక్షరము నొద్దకే మరల చేరును. ఒక్కొక్క ఆవృత్తమునకు ఒక్కొక్క పాదము చొప్పున పద్యములు పూర్తియగును. చివర ధారణ. అప్పటివరకు చెప్పిన పద్యములన్నియు తడబాటు లేక వరుసగా వినిపించును.

దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) గారలు ఈ విద్యను సంస్థానముల కొలువుల యందును, పురవీధుల యందును ప్రదర్శించి తెలుగునాట దానికి అపూర్వమైన ప్రచారము కల్పించిరి. వారి తరువాత నేటివరకు ఆ పరంపర సాగుచునే యున్నది.

అవధానము అను మాటకు ఏకాగ్రత యని అర్థము. చూచువారికి అవధాని ఒకేసారి ఎనిమిది పనులు చేయుచున్నట్లు తోచును. నిజమునకు అతడు ఒక క్షణమున ఒకే పని చేయును. దానిని పూర్ణముగా చేసి, పూర్ణముగా విడిచి, వేరొకదానికి పోవును. ఇందు రెండు సాధనలున్నవి. మొదటిది జ్ఞాపకమునకును ఊహకును ఏండ్ల తరబడి ఇచ్చిన వ్యాయామము. రెండవది ఎవరెంత కలత పెట్టినను కలగని స్థైర్యము. పద్యము వచ్చియు భయపడువాడు అవధాని కాజాలడు. భయము లేకయు పద్యము రానివాడు కాజాలడు. మెదడు ఆరోగ్యముగా నుండుటకు కావలసినవియు సరిగా ఈ రెండే. వీనిలో ఒకటి లేనిచో రెండవది నిలువదు.

మానవుని మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అది దేహపు బరువులో 50వ వంతు మాత్రమే. కాని దేహము విశ్రాంతిగా నున్నప్పుడు వ్యయమగు శక్తిలో 5వ వంతు అదియే హరించును. అందు దాదాపు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వాని సంఖ్యకంటె వాని నడుమనున్న సంబంధములు ముఖ్యము. వాడిన కాలిబాట వెడల్పగునట్లు, వాడని బాట గడ్డి మొలచి మూసికొనిపోవునట్లు, ఈ సంబంధములు వాడుకను బట్టి బలపడును, సడలును.

దీనికి లండను నగరపు టాక్సీ డ్రైవర్లు మంచి నిదర్శనము. అచ్చట అనుమతి పొందగోరువాడు ఛారింగ్ క్రాస్ చుట్టును 6 మైళ్ళ లోపలనున్న దాదాపు 25,000 వీధులను కంఠస్థము చేయవలెను. అందుకు సాధారణముగా మూడు నాలుగు సంవత్సరములు పట్టును. మెదడులో హిప్పోకాంపస్ అను భాగమొకటి కలదు. సముద్రాశ్వమను చిన్న చేపను పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. క్రొత్త విషయములను నిలుపుకొనుటకును, త్రోవలు గుర్తించుటకును అది ఆధారము. 2000 సంవత్సరమున ఎలినార్ మెగ్వైర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కలిసి, ఆ డ్రైవర్ల మెదడులో ఈ అంగపు వెనుక భాగము ఇతరులకంటె పెద్దదిగా నున్నదని చూపెను. పుట్టుకతోనే అది పెద్దదైనవారు ఆ వృత్తిలో చేరిరేమో యను సందేహము అప్పుడు కలిగినది. అందుచే శిక్షణలో చేరిన 79 మందిని మొదటినుండి పరిశీలించిరి. వారిలో 39 మంది ఉత్తీర్ణులైరి. 2011లో వెలువడిన ఫలితము ప్రకారము, ఆరంభమున అందరును ఒకే తీరున నున్నను, ఉత్తీర్ణులైనవారియందు మాత్రమే ఆ భాగము పెరిగినది. పెద్దవారి మెదడు సయితము సాధనచేత మారునని దీనివలన రూఢియైనది.

ఇట్టి పరిశోధన భారతదేశమునను జరిగినది. చిన్ననాటినుండి వేదమును వల్లించిన 21 మంది పండితుల మెదళ్ళను, అట్టి శిక్షణ లేని 21 మంది మెదళ్ళతో పోల్చి జేమ్స్ హార్ట్‌జెల్ బృందము 2016లో ఫలితములను ప్రకటించెను. మాటలను నిలుపుకొనుటకు సంబంధించిన పెక్కు తావులు పండితుల యందు దట్టముగా నుండెను. ఇది ఒకసారి చేసిన పోలిక మాత్రమే. కావున సాధనయే దానికి కారణమని గట్టిగా చెప్పరాదు. ఐనను లండను నుండి వచ్చిన సాక్ష్యముతో అది పొసగుచున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మెదడునకు పదును పెట్టునని చెప్పి ఆటలను, లేహ్యములను, మాత్రలను అమ్మువారు నేడు పెక్కుమంది యున్నారు. అమెరికాలో 65 ఏండ్లు దాటిన 2,832 మందికి జరిపిన ఒక గొప్ప పరీక్ష ఫలితములు 2002లో వెలువడినవి. వారిలో కొందరికి జ్ఞాపకమునందు, కొందరికి తర్కమునందు, కొందరికి చూచినదానిని వేగముగా గ్రహించుటయందు పదేసి పాఠములు చెప్పిరి. ఎవరికి ఏది నేర్పిరో వారికి అదియే వృద్ధి పొందినది. తక్కినవి వృద్ధి పొందలేదు. దినమునకొక గళ్ళనుడికట్టు పూరించువాడు గళ్ళనుడికట్టునందు నేర్పరియగును. అంతమాత్రమున మందుల చీటీని మరువకుండునని చెప్పుటకు వీలు లేదు. ఒకే పంటను ఏటేట వేసిన నేలవలె ఒకే అభ్యాసమునకు కట్టుబడిన మేధయు కొంత వెలితిగానే యుండును. కావున అభ్యాసము కొంచెము కష్టముగా నుండవలెను, క్రొత్తదై యుండవలెను, పలువిధములుగా నుండవలెను. సాధ్యమైనంతవరకు నలుగురితో కలిసి చేయునదై యుండవలెను.

అట్టి అభ్యాసమునకు భాషయే ఉత్తమ సాధనము. ఈ విషయమున తెలుగుదేశము లోకమునకే ఒక పాఠము నేర్పినది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది చిత్తవైకల్య రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఆ నగరమున తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసిమెలసి వినవచ్చును. రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారికి, ఒకే భాష మాటలాడువారికంటె దాదాపు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా ఆ వ్యాధి పొడసూపినదని తేలినది. అన్నింటికంటె విశేషమేమనగా, బడి ముఖము చూడని నిరక్షరాస్యుల యందును ఈ భేదము కనబడినది. అంగడిలో ఒక భాష, ఇంటిలో ఒక భాష, పొరుగువారితో మరియొక భాష మాటలాడు సామాన్యుడు తనకు తెలియకయే మేధకు కసరత్తు చేయించుచున్నాడన్నమాట.

దీనికి కారణమును చెరువుతో పోల్చి చెప్పవచ్చును. ఒకే తూము గల చెరువునకు ఆ తూము పూడినచో ఆయకట్టంతయు ఎండును. నాలుగు తూములున్న చెరువునకు ఒకటి పూడినను తక్కినవాని ద్వారా నీరు పారును. చదువు, భాష, వృత్తి, స్నేహము, సంగీతము, ఆట మున్నగునవి మెదడునకు క్రొత్త తూములను కల్పించును. జీవించియున్నప్పుడు ఏ వైకల్యమును కనబరచని కొందరు వృద్ధుల మెదళ్ళను మరణానంతరము పరీక్షించినప్పుడు, వ్యాధి చిహ్నములు సమృద్ధిగా కనబడిన సందర్భములున్నవి. వ్యాధి వచ్చినను వారి మేధ ఇతర మార్గములలో పని నడిపినది. శాస్త్రజ్ఞులు దీనిని మేధానిధి యని వ్యవహరింతురు. నిధి వ్యాధిని ఆపజాలదు, గడువు పెంచును. ఇంటివారిని గుర్తించుచు గడపగలిగిన నాలుగైదు సంవత్సరములు వృద్ధునకు గాని, అతని కుటుంబమునకు గాని చిన్న లాభము కాదు.

ఇక రెండవ సాధన, మనఃస్థైర్యము. పులిని చూచినవాని గుండె దడదడలాడును, ఊపిరి వేగమగును, కండరములు బిగియును. పోరాడుటకో పరుగెత్తుటకో దేహము చేసికొను ఈ ఏర్పాటును వాల్టర్ కేనన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దపు ఆరంభమున వివరించెను. 1936లో హాన్స్ సెల్యె అను శాస్త్రజ్ఞుడు, కారణము ఏదైనను దేహము ఒకే తీరున ప్రతిస్పందించునని చూపెను. ఒత్తిడి యని నేడు పిలువబడుచున్న భావము అతని వలననే వ్యాప్తిలోనికి వచ్చినది. మూత్రపిండములపై టోపీలవలె నున్న అడ్రినల్ గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము ఆ సమయమున వెలువడును. 1968లో బ్రూస్ మెక్యూయెన్, అతని సహచరులు ఎలుకలపై ప్రయోగములు చేసి, అట్టి రసము హిప్పోకాంపస్‌ను చేరి అచ్చట నిలుచునని కనుగొనిరి. జ్ఞాపకమునకు ఆధారమైన చోటనే వ్యాకులతయు తన ముద్ర వేయుచున్నది.

కొద్దిపాటి ఒత్తిడి కీడు కాదు. పరీక్ష రేపనగా కలుగు చురుకుదనము మేలే చేయును. పులి వచ్చి పోవును. దానితో దడయు పోవును. చిక్కెక్కడననగా, అప్పు రాత్రింబవళ్ళు గుమ్మమున కూర్చుండును. వర్షము రాదేమో యను దిగులు, పంటకు ధర లేదను బెంగ, పెండ్లి ఖర్చు, రోగికి సేవ చేయు ఇల్లాలి అలసట, మార్కులు తగ్గిన ఏమందురో యను విద్యార్థి భయము ఒక పూటలో తీరునవి కావు. నెలల తరబడి ఇట్టి స్థితి సాగినచో నిద్ర చెడును, రక్తపుపోటు పెరుగును, చదివినది నిలువదు. అంతయు చదివియు పరీక్షలో మరచిన పిల్లవానిని మందబుద్ధి యని తిట్టుట అన్యాయము. అతనికి లోపించినది తెలివి కాదు, నెమ్మది.

నెమ్మదికి మార్గములు సులభములు, వ్యయము లేనివి. మొదటిది నిద్ర. పగలు నేర్చినది రాత్రి నిద్రలో కుదురుకొనును. కావున తెల్లవార్లు మేలుకొని చదువుట దున్నిన చేనిలో విత్తనము పైపైన చల్లి మట్టి కప్పకుండుటయే. రెండవది నడక. 2011లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 120 మంది పెద్దవారు పాల్గొనిరి. వారిలో ఒక సంవత్సరము వారమునకు మూడు దినములు నడక సాగించినవారి హిప్పోకాంపస్ 2 శాతము పెరిగినది. కేవలము అంగములను చాచు వ్యాయామము చేసినవారియందు అది తగ్గినది. మూడవది శ్వాస. దీర్ఘముగా, మెల్లగా ఊపిరి విడుచునప్పుడు గుండె వేగము తగ్గును. ప్రాణాయామము చేయువారికి ఇది అనుభవమే. నాలుగవది సెల్ ఫోనును కొంతసేపు దూరముగా నుంచుట. అప్రస్తుత ప్రసంగి ఒక్కడున్ననే సభ కలత చెందును. జేబులో నూరుగురు అప్రస్తుత ప్రసంగులను పెట్టుకొని తిరుగువాని మనస్సు ఎట్లు నిలుచును?

ఐనను అప్పులపాలైన రైతునకు ఊపిరి పీల్చుమని మాత్రమే చెప్పుట అపహాస్యము. కష్టమునకు కారణమున్నచోట కారణమును తీర్చు ప్రయత్నమును చేయవలెను. ఆ ప్రయత్నమునకు సయితము తెలివి తేటగా నుండుట ముఖ్యము. అప్పుల లెక్కను కాగితముపై వ్రాసి, నమ్మకమైన ఒకరి ఎదుట పెట్టినచో భారము సగము కాకున్నను, దారి కొంత కనబడును. బ్రతుకుపై విరక్తి కలిగినవారు ఒంటరిగా నుండరాదు. ఇరుగుపొరుగువారు వారిని ఒంటరిగా నుండనీయరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట ఈ రజతోత్సవమునకు తగిన పని.

పల్లెలలో మరియొక అన్యాయము కలదు. ముసలివారు చెప్పినదే చెప్పినను, డబ్బు దాచిన చోటు మరచినను, వచ్చిన త్రోవ తప్పినను "చాదస్తము" అని నవ్వి అరుగుమీద కూర్చుండబెట్టుదురు. అలోయిస్ ఆల్జ్‌హైమర్ అను జర్మను వైద్యుడు 1906లో వర్ణించిన స్త్రీ ఆసుపత్రిలో చేరునాటికి 51 ఏండ్ల వయస్సుది. అది వార్ధక్యము కాదు, వ్యాధి. మరుపు పుట్టించు కారణములలో కొన్ని నయమగునవి. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవిషాదము అట్టివి. చెవుడును చూపు మాంద్యమును కొన్నిచోట్ల మరుపువలె కనబడును. కావున నవ్వుటకు ముందు వైద్యునికి చూపవలెను. లాన్సెట్ పత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘము 2024లో ప్రకటించిన నివేదికలో, మార్చుకొనదగిన 14 కారణములను పేర్కొనినది. చదువులేమి, చెవుడు, చూపు మాంద్యము, రక్తపుపోటు, మధుమేహము, చెడు కొలెస్టరాల్, స్థూలకాయము, పొగత్రాగుట, మితిమీరిన మద్యము, వ్యాయామలోపము, మనోవిషాదము, తలకు దెబ్బలు, గాలి కాలుష్యము, ఒంటరితనము అనునవి ఆ పదునాలుగు. ఇవన్నియు తొలగినచో లోకములోని చిత్తవైకల్యములో దాదాపు 45 శాతము రాకుండుటకో, ఆలస్యమగుటకో అవకాశమున్నదని ఆ సంఘము లెక్క. తక్కిన సగముపై మానవునకు అధికారము లేదు. మహాపండితునకును ఈ వ్యాధి రావచ్చును. వచ్చినవానిని "బుద్ధికి పని చెప్పలేదు" అని నిందించుట అజ్ఞానము, క్రూరత్వము.

ఈ కారణముల పట్టికలో మొదటిదైన చదువులేమియు, చివరిదైన ఒంటరితనమును తీర్చుటకు పల్లెలో గ్రంథాలయమును మించిన స్థానము లేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ సభ జరిగినది. దానికి అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులు (1867-1946). ఆయనకు బాల్యమునుండి చూపు మాంద్యము. తరువాత అంధత్వమే సంభవించినది. ఐనను ఇతరులచే చదివించుకొని, తాను చెప్పి వ్రాయించి నాటకములను, నవలలను, తుదకు వార్ధక్యమున తన స్వీయచరిత్రమును సయితము తెలుగువారికి అందించిరి. చదువుటకు కన్నులు లేని మహనీయుడు గ్రంథాలయోద్యమమునకు తొలి సభాధ్యక్షుడగుట గమనింపదగినది. గ్రంథాలయము కన్నులున్నవారికి మాత్రమే కాదు, వినువారికి కూడ. అక్షరాస్యుడొకడు పత్రికను బిగ్గరగా చదువగా పదిమంది విని వాదించుకొనుట ఒకనాడు పల్లెల యందు సామాన్య దృశ్యము. ఆ పదిమందికిని అది వార్త, వ్యాయామము, స్నేహము. మూడును ఒక్కసారిగా లభించెడివి.

ఆ అలవాటును మరల నిలుపుటకు పెద్ద ధనము అవసరము లేదు. వారమునకు రెండు సాయంకాలములు పెద్దలకు పఠనగోష్ఠి జరుపవచ్చును. చదివినదానిని మరుసటి వారము ఒకరు జ్ఞాపకముతో చెప్పవలెనని నియమము పెట్టినచో అదియే వారికి ధారణ. ముసలమ్మల నోట నిలిచిన పాటలను, కథలను, వంటల వివరములను బాలబాలికలు వ్రాసికొనవచ్చును. వారు చెప్పుట అభ్యాసము, వీరు వినుట విద్య. ఉర్దూ తెలిసినవారు తెలుగువారికి, తెలుగు తెలిసినవారు ఇతరులకు అక్షరములు నేర్పవచ్చును. చదరంగము, పులిజూదము, వామనగుంటలు ఒక మూల నుండవచ్చును. పరీక్షల కాలమున విద్యార్థులకు నిశ్శబ్దమైన బల్లయు, నడుమ పది నిమిషములు ఆవరణలో నడకయు ఏర్పాటు చేయవచ్చును. వినికిడి తగ్గినవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టుట ఏ ఖర్చును లేని వైద్యము.

భూమిని బీడు పెట్టినవానిని గ్రామము మెచ్చదు. విశ్రాంతి లేక పిండినవానిని భూమి మెచ్చదు. మేధయు అట్టిదే. అరుగుమీద ఒంటరిగా కూర్చున్న ఒక పెద్దను రేపటి సాయంకాలము చేయి పట్టుకొని ఈ గదికి తీసికొనివచ్చువాడు, వేదికపై జరిగిన సన్మానములన్నింటికంటె మిన్నగా ఈ రజతోత్సవమును జరిపినవాడగును. ఈ గ్రంథాలయపు తలుపులు స్వర్ణోత్సవము వరకు, ఆపైన కూడ, తెరచియే యుండుగాక.